రాతి రథం మీది శిఖరం: హంపి తొలి ఫొటోల ప్రదర్శనపై ఒక కేస్ స్టడీ

నా పని పాత ఫొటోలకు క్యాప్షన్లు రాయడం. ప్రదర్శనకు వచ్చినవాళ్లు ముందు ఫొటోను ఒక్క క్షణం చూస్తారు, తర్వాత కింద రాసింది చదువుతారు, చదివాక మళ్లీ తలెత్తి ఫొటో వైపు చూస్తారు. ఆ రెండో చూపులో వాళ్లకు ఏం కనిపించాలన్నది చాలావరకు ఆ నాలుగు వాక్యాల చేతిలోనే ఉంటుంది. అందుకే ఈ పనిలో తప్పు జరిగితే అది ఒక పేరుతోనో తేదీతోనో ఆగిపోదు, ఒక ఊరి గురించి ఎంతోమంది మనసులో తప్పుడు బొమ్మ పడిపోతుంది. హంపి విషయంలో మేం సరిగ్గా ఆ తప్పే చేశాం. ఎలా చేశామో, తర్వాత ఎలా దిద్దుకున్నామో వివరంగా రాస్తున్నాను, పాత నగరాల ఫొటోలతో పనిచేసే ఎవరికైనా ఇది ఎదురయ్యేదే కాబట్టి.

మాకు అప్పగించిన పని ఇది: 19వ శతాబ్దంలో తీసిన విజయనగర శిథిలాల ఫొటోల్లోంచి 24 ఎంచుకుని, పెద్ద ప్యానెళ్లుగా వేసి, ఊరూరా తిప్పగలిగే ప్రదర్శన తయారు చేయాలి. అసలు ప్రింట్లు కావు, పబ్లిక్ సేకరణల నుంచి తెచ్చుకున్న కాపీలే. మేం ముగ్గురం. క్యాప్షన్లు నావి, డిజైన్ ఇంకొకాయన చూసుకున్నారు, చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు సలహాలకి. "చూసేవాళ్లు ఆ కాలంలోకి వెళ్లినట్టు అనిపించాలి" అన్నది మాకు చెప్పిన ఒకే ఒక్క మాట. ఎంత మంచి కోరికో, అంత ప్రమాదకరమైన కోరిక అని అప్పుడు తట్టలేదు.

ముందు ఫొటోల సంగతి చెప్పాలి. హంపిని పెద్దఎత్తున ఫొటో తీసినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న అలెగ్జాండర్ గ్రీన్‌లా పేరు. అప్పట్లో హంపి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1856లో ఆయన మైనం పట్టించిన పెద్ద పెద్ద కాగితం నెగటివ్‌ల మీద తీసిన దృశ్యాలు చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండిపోయి 1980 ప్రాంతంలో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. 1983లో జాన్ గాలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ అవే చోట్ల నిలబడి మళ్లీ తీశాడు. గ్రీన్‌లావే కాక, ఆ రోజుల్లోనే నీల్, 1860ల్లో లయన్ లాంటివాళ్లు తీసినవి ఉన్నాయి. ధార్వాడ, మైసూరు ప్రాంతాల వాస్తు మీద 1866లో వచ్చిన పెద్ద ఫొటో పుస్తకంలో విజయనగరం కూడా ఉంది, దానికి వాస్తు వ్యాసం రాసింది జేమ్స్ ఫెర్గూసన్. భారతీయ వాస్తు చరిత్రను ఇంగ్లీషులో మొదటిసారి ఒక క్రమంలో పెట్టినాయనే ఈ ఫెర్గూసన్. 1876లో వచ్చిన తన ప్రధాన గ్రంథానికి ఆయన ఫొటోల మీద బాగా ఆధారపడ్డాడు. అంటే, గ్రీన్‌లావి మరుగునపడ్డా, ఆ కాలపు ఫొటోలు ఎవరో సరదాగా తీసి అల్బమ్‌లో పెట్టుకుని మర్చిపోయినవి కావు. వీటిని చూసి చరిత్ర రాశారు, ఏ కట్టడం గొప్పది, ఏది నాసిరకం, ఏది కాపాడాలి అన్నవి తేల్చుకున్నారు.

కాపీలన్నీ టేబుల్ మీద పరుచుకుని ఎంచుకోవడం మొదలుపెట్టాం. ఇక్కడే అసలు తప్పు జరిగింది. మనిషి కదిలి మసకబారిన ఫొటో కనిపిస్తే పక్కన పెట్టాం. కట్టడం ముందు ఎవరో చేతులు కట్టుకుని నిలబడి ఉంటే "దృష్టి మళ్లిపోతుంది" అని పక్కన పెట్టాం. గుడిసె కప్పు ఒక మూల అడ్డొచ్చినదాన్ని క్రాప్ చేశాం. చివరికి మిగిలిన 24 అద్భుతంగా ఉన్నాయి, ఆ మాట ఇప్పటికీ అంటాను. బండరాళ్లు, స్తంభాలు, తెల్లటి ఆకాశం, ఒక్క మనిషి లేడు. ప్రదర్శనకు "నిశ్శబ్ద నగరం" అని పేరు పెట్టాం. మొదటి ప్యానెల్ మీద నేను రాసిన క్యాప్షన్ ఇది: "తుంగభద్ర ఒడ్డున కాలం ఆగిపోయిన చోటు. రాజులు పోయారు, ప్రజలు పోయారు, రాళ్లు మిగిలాయి."

ప్రదర్శన బయటికి వెళ్లేముందు ఒక హాల్లో పెట్టి తెలిసినవాళ్లను ఓ ముప్ఫైమందిని పిలిచాం. అందరికీ నచ్చింది. "ఎంత ప్రశాంతంగా ఉండేదో", "ఇప్పటిలా రద్దీ లేదు" అన్నారు. ఒక పెద్దావిడ మాత్రం రెండుసార్లు తిరిగి వచ్చి బజారు వీధి ప్యానెల్ ముందు నిలబడింది. వాళ్లది హంపి పక్కనున్న కమలాపురం వైపు అట. నన్ను పిలిచి, "ఏమ్మా, మావోళ్లు తాతల కాలం నుంచీ ఆడనే ఉండిరి. మరి ఈ ఫొటోల్లో ఒక్కరూ లేరేం?" అని అడిగింది. కోపంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నేను రాసిన "ప్రజలు పోయారు" అన్న మాట చూసుకుంటే ఒళ్లు జలదరించింది, ఎందుకంటే దానికి నా దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆధారం ఫొటో ఖాళీగా ఉండటం.

అక్కడి నుంచి ప్రదర్శన ఆపేసి మళ్లీ మొదటికి వచ్చాం. ఖాళీ ఎక్కడి నుంచి వచ్చింది? ఊరు నిజంగానే ఖాళీగా ఉందా, కెమెరా ఖాళీ చేసిందా, ఫొటో తీసినాయన ఖాళీ చేశాడా, మేం ఖాళీ చేశామా?

కెమెరా పని ముందు చూశాం, అది తేల్చడం సులువు. ఫొటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటి కనిపెట్టిన దగేర్ 1838లో పారిస్‌లో ఒక పెద్ద వీధిని కిటికీలోంచి తీసిన ప్లేటు ఉంది, ఈ విషయంలో తొలి సాక్ష్యం అదే. బండ్లతో, జనంతో కిక్కిరిసి ఉండే వీధి అది. నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సి, అంటే కెమెరాలోకి వెలుతురు పడనివ్వాల్సి రావడంతో కదిలినవన్నీ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం మిగిలాడు. టెలిగ్రాఫ్‌తో పేరుపొందిన మోర్స్ 1839లో ఆ ప్లేటు చూసి, నిత్యం జనంతో ఉండే వీధి అచ్చంగా నిర్మానుష్యంగా ఉందని ఆశ్చర్యపోయి ఇంటికి ఉత్తరం రాశాడు. చూసినవాళ్లకి మొదట్లో ఇది వింతగానే అనిపించింది. ఎంతగా అంటే, 1840ల మొదట్లో పారిస్‌లో లెరెబూర్ అనే ఆయన ప్రపంచ నగరాల దగేరోటైప్‌లను (దగేర్ పద్ధతిలో తీసిన ఫొటోలను) చెక్కుడు బొమ్మలుగా మార్చి అచ్చు వేసినప్పుడు, చెక్కేవాళ్లు వీధుల్లో మనుషుల్ని, బండ్లని తమ చేత్తో చేర్చారు. లేకపోతే కొనేవాళ్లకి అది నగరంలా అనిపించదని. పదిహేను ఇరవై ఏళ్లు గడిచేసరికి ఎవరూ అలా చేర్చడం లేదు. ఖాళీ వీధికి కళ్లు అలవాటు పడ్డాయి, అలవాటు పడటమే కాదు, పాత నగరం అంటే అలాగే ఉండాలన్న రుచి కూడా పుట్టింది. ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో నన్ను ఇప్పటికీ వదలని విషయం ఇదే.

గ్రీన్‌లా వాడింది మైనపు కాగితం. ఎండ ప్రాంతాల్లో తిరిగేవాళ్లకి అదొక వరం. కాగితాన్ని ముందే సిద్ధం చేసుకుని రోజుల తర్వాత కూడా వాడొచ్చు, డెవలప్ చేయడం కూడా తీరిగ్గా బసకి వెళ్లాక చేసుకోవచ్చు. తర్వాత ఎక్కువగా వాడుకలోకి వచ్చిన తడి కొలోడియన్ (జిగురు ద్రవం) పూసిన గాజు ప్లేట్లకి ఆ వెసులుబాటు లేదు, ఆరిపోకముందే పది పదిహేను నిమిషాల్లో పూత, ఎక్స్‌పోజర్, డెవలప్ అన్నీ అయిపోవాలి, అంటే చీకటి గుడారాన్ని వెంట మోసుకెళ్లాలి. ఈజిప్టు ఎండలో తన గుడారంలో కొలోడియన్ సలసల కాగిందని ఫ్రాన్సిస్ ఫ్రిత్ అనే ఆంగ్లేయ ఫొటోగ్రాఫర్ రాసుకున్నాడు. అయితే కాగితానికి వేగం తక్కువ, ఎర్రటి ఎండలో కూడా నిమిషాలు పడుతుంది. నడిచిపోయే మనిషి, మేస్తున్న గేదె, గాలికి ఊగే కొమ్మ, ఏదీ నిలవదు.

రంగుల సంగతి ఇంకో రకం. ఆనాటి రసాయనాలన్నీ నీలం కాంతికే స్పందించేవి. నీలాకాశం పూర్తిగా తెల్లబడిపోతుంది, మేఘాలు దాదాపు కనిపించవు. ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ నల్లబడతాయి. అంటే సున్నం మీద మిగిలిన జాజు పట్టీలు, కుంకుమ, పసుపు, గుడి గోడల మీద మనుషులు రోజూ పూసే గుర్తులన్నీ ఫొటోలో మరకల్లా, పాడుబడ్డట్టుగా కనిపిస్తాయి. పూజ జరుగుతున్న గోడకీ పాడుబడ్డ గోడకీ తేడా చెరిగిపోతుంది. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా 1858లో మదురై, తంజావూరు, శ్రీరంగం తీసిన లినేయస్ ట్రైప్ ఈ తెల్ల ఆకాశాన్ని సహించలేక నెగటివ్‌ల మీద రంగు పూసి మేఘాలు తానే గీసేవాడు. ఆయన శ్రద్ధ అంటే నాకు చాలా గౌరవం. తంజావూరు పెద్ద గుడి అధిష్ఠానం (అడుగు పీఠం) మీది శాసనాలను 21 నెగటివ్‌లుగా తీసి ఒక పొడుగాటి చుట్టగా అతికించాడు. అంత శ్రద్ధ ఉన్న మనిషి కూడా ఆకాశాన్ని చేత్తో గీశాడంటే, ఫొటో అబద్ధం చెప్పదు అన్న మాట ఎంత తొందరపాటు మాటో తెలుస్తుంది. ఇక ఆ గోధుమ రంగు కూడా కాలం పూసినదే, గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసే అల్బుమిన్ ప్రింట్లు కొత్తలో ఊదా కలిసిన ముదురు గోధుమ రంగులో ఉండి వయసుతో పసుపు తిరుగుతాయి. మా డిజైనర్ కాపీలన్నింటికీ ఒకే సెపియా (గోధుమ రంగు) టోన్ వేసి ఉంచారు, "పాత ఫీల్" రావాలని. అది తీసేయించాను.

ఇంతవరకూ కెమెరా తప్పు. మిగిలింది మనుషుల పని.

ఫొటోగ్రాఫర్లు మనుషుల్ని పెట్టాలనుకుంటే పెట్టగలరు. 1850 ప్రాంతంలో ఫ్రెంచ్ నవలాకారుడు ఫ్లోబేర్‌తో కలిసి ఈజిప్టు వెళ్లిన మాక్సిమ్ దు కాంప్, పడవ సిబ్బందిలోని హాజీ ఇస్మాయిల్ అనే నావికుణ్ణి కట్టడాల మీద నిలబెట్టి తీశాడు, స్తంభం ఎంత ఎత్తో తెలియడానికి ఒక కొలబద్దలాగా. కదలకుండా ఉండటానికి, ఆ లెన్సు ఇత్తడి గొట్టం ఫిరంగి అనీ కదిలితే పేలుతుందనీ చెప్పి భయపెట్టానని తనే రాసుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. అప్పటి ఫొటోల్లో మనిషి కనిపిస్తే చాలాసార్లు కొలబద్దగానే కనిపిస్తాడు, ఆ ఊరివాడిగా కనిపించడు. లక్నోలో ఇంకా ఘోరం. 1857 నవంబర్‌లో సికందర్ బాగ్‌లో తిరుగుబాటు చేసిన దాదాపు రెండువేల మంది సిపాయిల్ని బ్రిటిష్ సైన్యం చంపింది. ఫొటోగ్రాఫర్ ఫెలీచే బియాటో అక్కడికి వెళ్లింది 1858 వసంతంలో, అంటే నెలల తర్వాత. ఆయన ఫొటోలో పాడుబడ్డ మహలు ముందు ఎముకలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఫొటో కోసమే ఆ అస్థిపంజరాలను పరిపించారని చరిత్రకారులు నమ్ముతున్నారు. ఆ ఫొటోలు లండన్ చేరి, అక్కడివాళ్ల మనసులో లక్నో అంటే శిక్ష పడిన నగరం అయిపోయింది. అక్కడి నవాబుల తోటలు, ఠుమ్రీ, కథక్ ఏవీ ఆ ఫ్రేములో లేవు.

అంటే ఎవరు కొంటారో వాళ్లకు కావలసిన నగరమే ఫొటోలో పడుతుంది. 1863లో భారతదేశం వచ్చిన శామ్యూల్ బోర్న్ ఏడేళ్లలో రెండువేలకు పైగా నెగటివ్‌లు తీశాడు. వాటి ప్రింట్లు ఇక్కడున్న ఆంగ్లేయులు కొని అల్బమ్‌లు కట్టించుకుని స్వదేశానికి తీసుకెళ్లేవాళ్లు. వాళ్లకు కావలసినది, థామస్, విలియం డానియెల్ అనే ఆంగ్లేయ చిత్రకారుల బొమ్మల్లో అంతకుముందే చూసిన భారతదేశం. విరిగిన గుమ్మటం, దాని మీద మొలిచిన రావిచెట్టు, ముందు నీళ్లు. ఫొటోగ్రాఫర్ కూడా అదే కోణం వెతుక్కున్నాడు, తర్వాతి ఫొటోగ్రాఫర్ అంతకుముందు ఫొటోలోని కోణం వెతుక్కున్నాడు, ఆ తర్వాత పోస్ట్‌కార్డులు, ఇప్పుడు మన ఫోన్లు.

హంపికి సంబంధించి దీని బరువు ఇంకా ఎక్కువ. రాబర్ట్ సూయెల్ 1900లో విజయనగరం మీద రాసిన పుస్తకం పేరులోనే అది మరచిపోయిన సామ్రాజ్యం. మరిచిపోయింది ఎవరు? తెలుగువాళ్లు రాయలను మరిచిపోయిన రోజు ఒక్కటైనా ఉందా? ఆముక్తమాల్యద ఉంది, అష్టదిగ్గజాల చాటువులు ఉన్నాయి, తెనాలి రామకృష్ణుడి కథలు చెప్పుకోని ఇల్లు లేదు. విరూపాక్షుడి గుళ్లో పూజ ఆగలేదు, ఏటా చైత్రంలో ఆ బజారు వీధిలోనే రథం లాగుతారు. సూయెల్ మీద నాకు గౌరవమే. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు పయస్ రాసినదాన్ని ఇంగ్లీషు పాఠకులకి అందించింది ఆ పుస్తకమే. నగరం రోమ్ అంత పెద్దదిగా కనిపించిందంటాడు పయస్, వజ్రాలు, గుర్రాలు, పూలు, సంతలు, అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. ఆ వర్ణన, ఈ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసేవాడికి సహజంగానే అనిపిస్తుంది: అప్పుడు అంత జనం, ఇప్పుడు శూన్యం, మధ్యలో 1565, తళ్లికోట యుద్ధం. మధ్యనున్న మూడువందల ఏళ్లలో అక్కడ బతికినవాళ్లు ఆ కథలో ఎక్కడా ఇమడరు.

ఇక ప్రదర్శన మొత్తంలో మమ్మల్ని ఎక్కువగా కూర్చోబెట్టిన ఫొటో, విఠల గుడి ప్రాంగణంలోని రాతి రథం. మొదటిసారి గ్రీన్‌లా ఫొటో చూసినప్పుడు ఇది మరో కట్టడమేమో, లేబుల్ మారిపోయిందేమో అని మాకు అనుమానం వచ్చింది. ఎందుకంటే అందులో రథం మీద ఎత్తయిన శిఖరం ఉంది, ఇటుకా సున్నంతో కట్టినది. మనకు తెలిసిన రథానికి పైన ఏమీ ఉండదు, చదునుగా ఆగిపోతుంది. 2017లో వచ్చిన కొత్త యాభై రూపాయల నోటు వెనక ఉన్నదీ ఆ మొండి రథమే. మాస్టారు చక్రాల చెక్కడం, పీఠం మీది వరసలు ఒక్కొక్కటే పోల్చి చూపించాక గానీ నమ్మలేదు. అది గరుడుడి గుడి, గుడికి శిఖరం ఉండటమే పద్ధతి. శిథిలమైన ఆ ఇటుక శిఖరాన్ని 19వ శతాబ్దం చివర్లో తీసేశారు. ఆ తర్వాత తీసిన లెక్కలేనన్ని ఫొటోల వల్ల శిఖరం లేని రూపమే రథం "అసలు" రూపం అయిపోయింది.

ఇక్కడ రెండు విషయాలు ఒకేసారి నిజం. తొలి ఫొటోలు నగరాన్ని ఖాళీ చేసి చూపించాయి. అదే తొలి ఫొటో లేకపోతే రథం మీద శిఖరం ఎలా ఉండేదో ఇంత స్పష్టంగా మనకు తెలిసేది కాదు. ఈ ఫొటోలను వలసపాలకుల చూపు అని ఒక్క మాటతో పక్కన పెట్టేసేవాళ్లతో నేను ఒప్పుకోను. వాటిలో ఉన్న సమాచారం తీసినవాడి ఉద్దేశం కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, కెమెరా చూడమన్నదే కాకుండా ఎదురుగా కదలకుండా ఉన్న ప్రతిదాన్నీ పట్టుకుంటుంది కాబట్టి. దాన్ని చదవడం మన పని.

చదవడం అంటే ఎలా చేశామో చెప్తాను. హంపిలో ఒక అదృష్టం ఉంది, బండలు. కట్టడాలు కూలినా, చెట్లు మారినా, కొండ మీది బండరాళ్ల వరస మారదు. ఫొటోలో దగ్గరున్న స్తంభం అంచు దూరాన ఏ బండ మీదికి వస్తుందో గుర్తుపెట్టుకుని, అక్కడ అటూ ఇటూ జరుగుతూ ఆ రెండూ ఫొటోలోలాగే కలిసేచోటు వెతకాలి. ఒక జంట కలిస్తే మనం ఒక గీత మీద ఉన్నట్టు. ఇంకో దిక్కున రెండో జంట కూడా కలిస్తే ఆ రెండు గీతలూ కోసుకునే చోటే కెమెరా పెట్టిన చోటు. తర్వాత నీడలు చూసి పొద్దున్నో సాయంత్రమో అంచనా వేయొచ్చు. ఇలా చోటు దొరికాక వెనక్కి తిరిగి చూడాలి. ఇది నేను అందరికీ చెప్తాను. కెమెరా ఎటు చూడలేదో అటు చూడండి. మేం పోల్చుకున్న చోట్లలో కొన్నింట్లో వెనక ఊరుంది, చేలున్నాయి, దారి ఉంది. ఫొటోగ్రాఫర్ ఊరికి వీపు పెట్టి నిలబడ్డాడు.

మేం పక్కన పడేసిన కాపీల్ని మళ్లీ టేబుల్ మీదికి తెచ్చాం. ఎవరు తీశారో పేరు లేని ఒక బజారు వీధి ప్రింట్‌ను మొదటి రౌండ్‌లో "డ్యామేజ్" అని రాసి పెట్టాం, ఒక మండపం మెట్ల దగ్గర తెల్లటి మరక ఉందని. స్కాన్‌ను బాగా పెద్దది చేసి చూస్తే ఆ మరకకి ఒక మోకాలు ఉంది. ఎవరో కాసేపు కూర్చుని, ఎక్స్‌పోజర్ పూర్తయ్యేలోపే లేచి వెళ్లిపోయారు. మండపం స్తంభాల మధ్య తడికలు కట్టి ఉన్నాయి, ఒకచోట పొయ్యి రాళ్లలాంటివి ఉన్నాయి. అంటే అది ఇల్లు. మేం డ్యామేజ్ అనుకున్నది ఆ ఇంటి మనిషి.

పెద్దావిడ ప్రశ్నకి జవాబు దొరికింది కదా అని సంతోషం కలగలేదు, దిగులే కలిగింది. ఎందుకంటే అదే బజారు వీధిలో, మండపాల్లోనూ వాటి పక్కనా కాపురాలు, దుకాణాలు పెట్టుకుని ఉన్న కుటుంబాల్ని 2011 జులైలో ఖాళీ చేయించి ఇళ్లు కూల్చారు. హంపి 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం, మండపాల్లో గోడలు కట్టుకోవడం వల్ల కట్టడాలకు హాని అన్న వాదన ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసేయను. పాత ఫొటోల వల్లే కూల్చారని అనడం కూడా లేదు. కానీ ఒక చోటుని "అసలు స్థితికి" తేవాలి అన్నప్పుడు అందరి మనసులోనూ మెదిలే ఆ అసలు బొమ్మ ఎక్కడిది? పయస్ చూసిన కిటకిటలాడే బజారు మాత్రం కాదు. నిమిషాల ఎక్స్‌పోజర్‌లో మనుషులు కరిగిపోయిన వీధి అది. నేను గట్టిగా నమ్మేది ఇదే.

పోలిక కోసం రెండో విడతలో హైదరాబాద్ ఫొటో ఒకటి చేర్చాం. 1880ల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన లాలా దీన్ దయాళ్ నాటికి పొడి ప్లేట్లు వచ్చేశాయి, ఎక్స్‌పోజర్ క్షణాల్లోకి దిగింది. ఆ తరం ఫొటోల్లో చార్మినార్ చుట్టూ జనం, బండ్లు, ఏనుగులు. హైదరాబాద్ రాజధాని, హంపి కాదు, ఆ తేడా ఉంది నిజమే. అయినా ఒక ఊరికి కెమెరా ఏ దశాబ్దంలో వచ్చింది అన్నదాన్ని బట్టి ఆ ఊరు సందడిగానో సమాధిలానో మన ఊహలో స్థిరపడటం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

కొత్త ప్రదర్శనకు "నిశ్శబ్ద నగరం" పేరు తీసేసి "హంపి, కెమెరా ముందు" అని మామూలుగా పెట్టాం. 24లో 11 మార్చాం. క్రాప్ చేసినవాటికి అంచులు తిరిగి ఇచ్చాం. ప్రతి క్యాప్షన్‌లో, తెలిసినంతవరకు, ఏ పద్ధతిలో తీశారు, కెమెరా ఎక్కడ నిలబడింది, వీపు దేనివైపు ఉంది అన్నవి రాశాను. రథం ప్యానెల్ క్యాప్షన్ ఇప్పుడు ఇలా ఉంది: "1856. మైనపు కాగితం నెగటివ్, కొన్ని నిమిషాల ఎక్స్‌పోజర్. రథం మీద ఇటుక శిఖరం ఉంది, తర్వాత తీసేశారు. ఈ నిమిషాల్లో ఎవరైనా ముందు నుంచి నడిచి వెళ్లి ఉంటే వాళ్లు ఈ కాగితం మీద కనిపించరు."

అన్నీ కుదరలేదు. మొదట్లో క్యాప్షన్లు మరీ పొడుగు రాశాను, రసాయనాల పాఠం అయిపోయింది, జనం రెండో ప్యానెల్‌కే చదవడం మానేశారు. సగానికి తగ్గించి, కెమెరా పద్ధతులన్నీ ఒక బల్ల మీద నమూనాలతో విడిగా పెట్టాం. లక్నో ఫొటో పెట్టాలా వద్దా అని మా ముగ్గురి మధ్య పెద్ద వాదనే జరిగింది. పిల్లలు వచ్చే చోట ఎముకలు వద్దని మాస్టారు, అది లేకుండా ఈ కథ చెప్పడం దాచిపెట్టడమే అని నేను. చివరికి ఫొటో లేకుండా దాని గురించి రాసిన ప్యానెల్ మాత్రమే పెట్టాం. ఇప్పుడు ఆలోచిస్తే మాస్టారిదే సరైన నిర్ణయం అనిపిస్తుంది, ఆ ఎముకలు ఎవరివో ఆ మనుషులు కూడా ఆ ఫొటోకి ఒప్పుకోలేదు కదా.

మార్పు ఎలా తెలిసిందంటే, వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు మారాయి. "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నవాళ్లు తగ్గారు. "ఇక్కడ ఎవరుండేవాళ్లు?", "వెనక ఏముంది?", "ఆ శిఖరం ఎందుకు తీసేశారు?" అని అడిగారు. తెల్ల మరక ప్యానెల్ దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ముఖం దగ్గరగా పెట్టి నిలబడి ఉండేవాళ్లు. పెద్దావిడకి కబురు పెట్టాం, ఆరోగ్యం బాగోలేక రాలేకపోయింది, వాళ్ల అబ్బాయి వచ్చి ఆ ప్యానెల్‌ను ఫోన్‌లో తీసుకెళ్లాడు.

ఆ ప్రింట్ తీసిన చోటు మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. మాతంగ కొండ వైపు బండల వరసతో ఒక గీత దొరికింది, రెండో గీతకి ఆధారమైన మండపం మూల ఇప్పుడు లేదు. వచ్చే చలికాలంలో గాలి తేటగా ఉన్నప్పుడు హేమకూటం మీద నుంచి మళ్లీ చూడాలి. అంతవరకూ క్యాప్షన్‌లో చోటు దగ్గర "బజారు వీధి, ఉత్తరం వైపు మండపాలు కావచ్చు" అని, ఫొటోలో ఉన్నవాళ్ల దగ్గర "ఒకరు, మెట్ల మీద" అని రాసి ఉంచాను.